మీకు తెలుసా? గుట్ట దిగే సైకిలుకు ఏ ఫోర్కు?

హైటెక్ సిటీ చుట్టుపక్కల పేర్లు ఒకసారి పైకి పలికి చూడండి. రాయదుర్గం, మణికొండ, కాస్త అవతల గోల్కొండ. అద్దాల మేడలు రాకముందే ఈ నేల ఎలాంటిదో పేర్లలోనే ఉంది. ఆదివారం తెల్లవారుజామున కార్ల వెనక సైకిళ్లు కట్టుకుని ఖాజాగూడ గుట్టల దగ్గర దిగే కుర్రాళ్లకు ఆ సంగతి అరచేతుల్లోనే తెలుస్తుంది. గుట్ట మీది నుంచి బండల మధ్యగా సైకిలు దిగుతుంటే ప్రతి రాయీ ముందు చక్రం గుండా మణికట్టుకు వచ్చి తగులుతుంది. ఆ దెబ్బను దారిలోనే ఆపేది ముందు ఫోర్కు. బండి మెకానిక్కులు షాకబ్జర్లు అనేది దీన్నే. నాలుగు వారాలు గుట్టలెక్కిన ప్రతివాళ్లూ అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, డౌన్‌హిల్‌కి ఏ ఫోర్కు వేయించమంటావ్?" జవాబు ఒక్క మాటలో లేదు. ముక్కలు ముక్కలుగా ఉంది.

మన రాయి వయసు 250 కోట్ల ఏళ్లు

ఖాజాగూడ బండలు దక్కన్ పీఠభూమి గ్రానైటు. వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. భూమి మీద చెట్టూ జంతువూ పుట్టకముందు గట్టిపడిన రాయి అది. ఎండకు, వానకు ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఊడుతూ గుండ్రంగా మారింది. ఊడిన పొరలు నలిగి మొరంగా, గరుకు ఇసుకగా కింద పరుచుకున్నాయి. అందుకే ఇక్కడి దారిలో రెండే రెండు రకాల నేల కనిపిస్తుంది. ఒకటి టైరు చక్కగా పట్టే గట్టి బండ, రెండోది బ్రేకు వేస్తే జర్రున జారే మొరం. హిమాచల్ మట్టిదారికి పనికొచ్చిన ఫోర్కు సర్దుబాటు మన బండకు పనికిరాకపోవడానికి కారణం ఇదే. బండ మీద కుదుపులు చిన్నవే, కానీ పదునైనవి. ఒకదాని వెనక ఒకటి ఆగకుండా వస్తాయి.

ఈ రాళ్లను కాపాడుకోవాలని హైదరాబాద్‌లో 1996లోనే ఒక సంఘం పుట్టింది, 'సొసైటీ టు సేవ్ రాక్స్' పేరుతో. దారి కోసం బండను పగలగొట్టే హక్కు సైకిలు వాళ్లకు లేదని నా గట్టి నమ్మకం. బండకు తగ్గట్టు సైకిలును మార్చుకోవాలి.

మొదటి ప్రపంచ విజేత ఫోర్కు దిగింది ఐదు సెంటీమీటర్లే

పర్వత సైకిళ్లకు మొదట్లో ముందు షాకులే లేవు. మోటారు సైకిళ్లకు ఆయిలుతో పనిచేసే టెలిస్కోపిక్ ఫోర్కును 1935లోనే బీఎండబ్ల్యూ తన ఆర్12, ఆర్17 బళ్లకు బిగించింది. సైకిలుకు ఆ ఆలోచన నిలదొక్కుకోవడానికి ఇంకో అర్ధ శతాబ్దం పైగా పట్టింది. హోండా మోటోక్రాస్ బళ్లతో పనిచేసిన పాల్ టర్నర్ అనే అమెరికన్ రాక్‌షాక్స్ కంపెనీ పెట్టి, ఆర్ఎస్-1 అనే ఫోర్కు చేశాడు. 1990లో కొలరాడోలోని డురాంగోలో జరిగిన తొలి అధికారిక ప్రపంచ పోటీల్లో గ్రెగ్ హెర్బోల్డ్ డౌన్‌హిల్ గెలిచింది రాక్‌షాక్స్ ఫోర్కుతోనే.

ఆ ఆర్ఎస్-1 లోపలికి ఎంత దిగేదో తెలుసా? 48 మిల్లీమీటర్లు. ఫోర్కు ఇలా లోపలికి దిగే దూరాన్నే ట్రావెల్ అంటారు. ఈ రోజు డౌన్‌హిల్ పోటీ సైకిళ్ల ట్రావెల్ 200 మిల్లీమీటర్ల దగ్గర ఉంది. నాలుగు రెట్లు పెరిగింది. నాలుగు రెట్లు పెరిగితే సుఖం కూడా నాలుగు రెట్లు అయిందా? ఒక చిన్న లెక్క వేద్దాం.

అరవై సెంటీమీటర్ల రాయి చెప్పే లెక్క

నడుమెత్తు కన్నా తక్కువ, సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తున్న బండ మీది నుంచి సైకిలు కిందికి దిగిందనుకోండి. కింద పడ్డ బరువు ఎంత దూరంలో ఆగిందన్నదే దెబ్బ తీవ్రతను నిర్ణయిస్తుంది. పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగించి ఒకటి కలిపితే, సగటున మన బరువుకు ఎన్ని రెట్ల దెబ్బ తగిలిందో వస్తుంది. పదో తరగతి లెక్కే.

షాకు లేకుండా టైరు ఒక్కటే నలిగి 3 సెంటీమీటర్లలో ఆగితే 21 రెట్లు. ఫోర్కు 10 సెంటీమీటర్లు దిగితే 7 రెట్లు. 15 దిగితే 5 రెట్లు. 20 దిగితే 4 రెట్లు. నిజమైన దిగుడులో వెనక చక్రం, మోకాళ్లు, మోచేతులు కూడా తలా కాస్త దెబ్బ పంచుకుంటాయి కాబట్టి అసలు అంకెలు ఇంతకన్నా తక్కువే ఉంటాయి. అంకెలు తగ్గే తీరు మాత్రం ఇదే.

ఇరవై ఒకటి నుంచి ఏడుకు రావడం పెద్ద మార్పు. ఐదు నుంచి నాలుగుకు రావడం చిన్న మార్పు. ఆ చిన్న మార్పు కోసమే మనవాళ్లు లక్ష రూపాయలు దాటే 200 మిల్లీమీటర్ల ఫోర్కు వైపు చూస్తున్నారు. ప్రపంచ కప్ ట్రాకుల్లో నాలుగైదు వందల మీటర్ల ఎత్తు నుంచి ఒకే ఊపున దిగుతారు. గాలిలో పదేసి మీటర్ల దూరం ఎగిరి పడతారు. అక్కడ ఆ చివరి ఐదు సెంటీమీటర్లే మనిషిని కాపాడతాయి. ఖాజాగూడ గుట్టలు చుట్టూ ఉన్న నేల నుంచి వంద మీటర్లు కూడా లేవవు.

సైబర్ టవర్స్‌కు ఈడైన ఫోర్కు

1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. అదే ఏడు రాక్‌షాక్స్ సంస్థ బాక్సర్ అనే డౌన్‌హిల్ ఫోర్కును బజారులోకి తెచ్చింది. అప్పట్లో దాని ట్రావెల్ 150 మిల్లీమీటర్ల చిల్లర. అప్పటి ప్రపంచ స్థాయి డౌన్‌హిల్ ట్రావెల్ ఈనాడు ఎక్కడానికీ దిగడానికీ వాడే మామూలు ట్రెయిల్ సైకిలు మీద కనిపిస్తోంది. ఈ సంగతి తెలిస్తే చాలామంది కొనబోయే ముందు ఒక రోజు ఆగి ఆలోచిస్తారని నా ఆశ.

రెండు కిరీటాలు

డౌన్‌హిల్ ఫోర్కును దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. మామూలు సైకిలు ఫోర్కులో రెండు గొట్టాలూ ఫ్రేము మెడ కింద ఒకే చోట బిగిసి ఉంటాయి. ఆ చోటును క్రౌన్ అంటారు. డౌన్‌హిల్ ఫోర్కులో గొట్టాలు ఇంకా పైకి సాగి, మెడ పైన కూడా మరో క్రౌన్‌తో బిగిసి ఉంటాయి. బుల్లెట్టు ముందు భాగం చూడండి, అచ్చం అలాగే. ఇలా రెండు చోట్ల పట్టు ఉంటే పెద్ద రాయి తగిలినా ఫోర్కు అంత తేలిగ్గా వెనక్కి వంగదు.

దానికి మూల్యం కూడా ఉంది. గొట్టాలు పైకి రావడం వల్ల హ్యాండిల్ ఓ మేరకే తిరుగుతుంది, ఆపైన గొట్టం ఫ్రేముకు తగులుతుంది. రెండు బండల మధ్య సందులో సైకిలును దాదాపు నిలబెట్టి తిప్పాల్సిన చోట్లు మన గుట్టల్లో అడుగడుగునా ఉంటాయి. అక్కడ రెండు క్రౌన్ల ఫోర్కు అడ్డం తిరుగుతుంది. బరువు కూడా రెండున్నర కిలోల పైమాటే. విదేశాల బైక్ పార్కుల్లో సైకిలును రోప్‌వే మీద పైకి పంపుతారు. ఇక్కడ పైకి తీసుకెళ్లేది మన కాళ్లే, చాలాసార్లు మన భుజమే.

పేరులో ఉన్న అంకె దేనికి?

ఫాక్స్ 36, ఫాక్స్ 38, ఫాక్స్ 40. ఈ పేర్లు విని అవి ఏటా వచ్చే కొత్త మోడళ్ల వరుస నంబర్లనుకునేవాళ్లున్నారు. అవి పై గొట్టాల మందం, అంటే వ్యాసం, మిల్లీమీటర్లలో. ఆ నిగనిగలాడే పై గొట్టాలను స్టాంచన్లు అంటారు. 40 అంటే డౌన్‌హిల్ ఫోర్కు. బాక్సర్ కూడా ఇప్పుడు 38 మిల్లీమీటర్ల గొట్టాలతో వస్తోంది.

గొట్టం మందం ఎందుకంత ముఖ్యం? గోడ మందం అదే ఉంచి వ్యాసం పెంచితే, వంగకుండా నిలిచే బలం ఘనం లెక్కన పెరుగుతుంది. సరసమైన ధరకు దొరికే చాలా సైకిళ్ల ఫోర్కుల్లో స్టాంచన్లు 28 మిల్లీమీటర్లవి. 28 నుంచి 38కి వెళితే బిగువు దాదాపు రెండున్నర రెట్లు అవుతుంది. మొరంలో ముందు చక్రం మీరు చూపిన వైపే వెళ్తుందా, దానిష్టం వచ్చిన వైపు జారుతుందా అన్నది చాలావరకు ఈ బిగువు మీదే ఆధారపడి ఉంటుంది. ఫోర్కు కొనేటప్పుడు ట్రావెల్ గురించి అడిగేవాళ్లు పదిమంది ఉంటే స్టాంచన్ మందం గురించి అడిగేది ఒక్కరు. మన గుట్టలకు సంబంధించినంత వరకు ఆ ఒక్కరే సరైన ప్రశ్న అడిగారంటాను.

ఇరుసు కూడా చూడాలి. 9 మిల్లీమీటర్ల క్విక్ రిలీజ్ ఇరుసు ఊళ్లో తిరగడానికి. గుట్ట దిగేవాళ్లకు కనీసం 15 మిల్లీమీటర్ల త్రూ యాక్సిల్ ఉండాలి. అసలు డౌన్‌హిల్ ఫోర్కులకు 20 మిల్లీమీటర్లది వస్తుంది. ఇరుసు మారితే చక్రం హబ్ కూడా మారుతుందని ముందే గుర్తుంచుకోండి. ఫోర్కు కొన్నాక ఆ సంగతి తెలిసి, మళ్లీ కొత్త చక్రం కట్టించుకున్నవాళ్లను చూశాను.

ఫ్రేము ఒప్పుకుంటుందా?

ఫోర్కు ఎంత గొప్పదైనా ఫ్రేము దాన్ని మోయాలి. 120 మిల్లీమీటర్ల ఫోర్కుకు చేసిన ఫ్రేములో 160ది బిగిస్తే సైకిలు ముందు భాగం పైకి లేస్తుంది. పొడవు 20 మిల్లీమీటర్లు పెరిగినప్పుడల్లా మెడ వాలు సుమారు ఒక డిగ్రీ మారుతుంది. 40 పెరిగితే రెండు డిగ్రీలు. ఎక్కేటప్పుడు ముందు చక్రం నేల వదిలేస్తుంది, మలుపులో హ్యాండిల్ బరువుగా పక్కకు పడుతున్నట్టు ఉంటుంది. అంతకన్నా ముఖ్యం, పొడవాటి ఫోర్కు ఒక పెద్ద గడ్డపారలా ఫ్రేము మెడను వెనక్కి నెడుతుంది. ఆ మెడ దగ్గరి వెల్డింగు తెగితే దిగుడు మధ్యలో మనిషి ముందుకు పడతాడు. ఫ్రేము చేసినవాళ్లు ఎంత ట్రావెల్ దాకా ఒప్పుకుంటారో, రెండు క్రౌన్ల ఫోర్కుకు అనుమతి ఉందో లేదో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. దుకాణంలో "ఏం కాదు సార్, పడుతుంది" అన్న మాటను నమ్మకండి. పట్టడం వేరు, మోయడం వేరు.

మెడ గొట్టం కొలత కూడా చూసుకోవాలి. ఇప్పటి ఒక క్రౌన్ ఫోర్కుల్లో ఎక్కువగా కింద ఒకటిన్నర అంగుళాలు, పైన 28.6 మిల్లీమీటర్లు ఉండే టేపర్డ్ గొట్టం వస్తుంది. పాత ఫ్రేముల మెడలో ఇది దూరదు.

మే నెల ఎండకు ఫోర్కు బిగుసుకుంటుంది

ఫోర్కు లోపల స్ప్రింగు రెండు రకాలు. ఒకటి ఉక్కు చుట్ట, రెండోది గాలి. గాలి ఫోర్కు తేలిక. చేతిపంపుతో మన బరువుకు సరిపడా ఒత్తిడి నింపుకోవచ్చు, అరవై కిలోల మనిషి తొంభై కిలోల స్నేహితుడికి సైకిలు ఇచ్చినా నిమిషంలో సర్దుకోవచ్చు. ఉక్కు చుట్టకు ఆ వెసులుబాటు లేదు, బరువు మారితే చుట్టే మార్చాలి. కానీ చిన్న చిన్న కుదుపులకు ఉక్కు చుట్టే మెత్తగా స్పందిస్తుంది. గాలిని పట్టి ఉంచే సీళ్ల రాపిడి దానికి లేదు మరి.

గాలి ఫోర్కు కొన్న హైదరాబాదీలు తెలుసుకోవాల్సింది మరొకటుంది. ఏసీ గదిలో, 25 డిగ్రీల దగ్గర 70 పీఎస్ఐ నింపారనుకోండి. అదే సైకిలు మే నెలలో 42 డిగ్రీల ఎండలో బండ పక్కన కాసేపు నిలబడితే లోపలి గాలి వేడెక్కి ఒత్తిడి దాదాపు 75కు చేరుతుంది. ఎవరూ పంపు ముట్టుకోలేదు, అయినా ఐదు పీఎస్ఐ పెరిగింది. మెత్తగా ఉండాల్సిన ఫోర్కు గట్టిపడి చేతులు తిమ్మిరెక్కుతాయి. డిసెంబరు చలిలో దీనికి ఎదురు జరుగుతుంది. కాబట్టి గాలి ఒత్తిడి చూడాల్సింది ఇంట్లో కాదు, గుట్ట దగ్గర సైకిలు దింపి పది నిమిషాలు ఆగాక.

అపార్టుమెంటు సెల్లారులో చేసే పరీక్ష

పంపు మీది అంకె కన్నా నమ్మదగిన కొలత ఒకటుంది. పైసా ఖర్చు లేదు. మీ సెల్లారులో సైకిలును గోడ పక్కన పెట్టండి. ఫోర్కు పై గొట్టానికి కొన్నిటికి చిన్న రబ్బరు రింగు ఉంటుంది. లేకపోతే కరెంటు పని చేసేవాళ్లు తీగలకు కట్టే ప్లాస్టిక్ ట్యాగు ఒకటి మరీ బిగించకుండా కట్టండి. గీత పడకుండా మెల్లగా దాన్ని కిందికి, కింది గొట్టం పై అంచున ఉండే నల్లటి సీలు దాకా జరపండి. హెల్మెట్, బూట్లు, నీళ్ల బ్యాగు, గుట్టకు వెళ్లేటప్పుడు ఏమేం ఉంటాయో అన్నీ వేసుకోండి. ఒక చేత్తో గోడ పట్టుకుని పెడళ్ల మీద నిలబడండి, దిగుడులో ఎలా నిలబడతారో అలా, మోచేతులు కాస్త వంచి. ఊగవద్దు. మెల్లగా దిగి ట్యాగు సీలు నుంచి ఎంత పైకి జరిగిందో స్కేలుతో కొలవండి.

దీన్ని శాగ్ అంటారు, మన బరువుకు ఫోర్కు సహజంగా కుంగే కుంగు. ట్రెయిల్ సైకిలుకు మొత్తం ట్రావెల్‌లో 15 నుంచి 20 శాతం, డౌన్‌హిల్‌కు 20 నుంచి 30 శాతం ఉండాలి. 160 మిల్లీమీటర్ల ఫోర్కుకు 32 వస్తే 20 శాతం. పైన చెప్పిన హద్దుల కన్నా తక్కువ వస్తే గాలి తీయండి, ఎక్కువ వస్తే నింపండి. ఈ కుంగు లేకపోతే చక్రం గుంతలోకి దిగలేదు, గుంత మీదుగా ఎగిరిపోతుంది. ఎగిరిన చక్రానికి పట్టు ఉండదు, బ్రేకు ఉండదు.

తిరిగొచ్చాక అదే ట్యాగును మళ్లీ చూడండి. మీరు దిగిన అన్నిటికన్నా పెద్ద దెబ్బకు ఫోర్కు ఎంత దిగిందో అది పట్టి చూపిస్తుంది. 160 మిల్లీమీటర్ల ఫోర్కు నెల రోజుల రైడింగులో ఒక్కసారి కూడా 120 దాటలేదంటే, శాగ్ సరిగానే ఉన్నా, మీరు దిగే దారికి మిగతా నలభై అవసరమే పడలేదు.

"హై స్పీడ్" అంటే సైకిలు వేగం కాదు

స్ప్రింగు కుదుపును మింగుతుంది. మింగింది మళ్లీ కక్కకుండా నెమ్మదింపజేసేది ఆయిలు. సన్నటి రంధ్రాల గుండా ఆయిలు బలవంతంగా వెళ్లాల్సి రావడంతో కుదుపు శక్తి వేడిగా మారిపోతుంది. దీన్ని డ్యాంపింగ్ అంటారు. ఖరీదైన ఫోర్కుకూ చవక ఫోర్కుకూ అసలు తేడా ఇక్కడే.

మంచి ఫోర్కుల మీద రెండు చిన్న చక్రాలుంటాయి, లో స్పీడ్ కంప్రెషన్, హై స్పీడ్ కంప్రెషన్ అని. మెల్లగా వెళ్తే మొదటిది, జోరుగా వెళ్తే రెండోది పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు. ఆ స్పీడు సైకిలుది కాదు, ఫోర్కు లోపలికి దిగే వేగం. మన రోడ్ల మీదే దీన్ని అర్థం చేసుకోవచ్చు. కాలనీ వీధిలో గుండ్రటి పెద్ద స్పీడ్‌బ్రేకరు ఎక్కితే ఫోర్కు మెల్లగా దిగి మెల్లగా లేస్తుంది, అది లో స్పీడ్. ముందు బ్రేకు నొక్కితే సైకిలు ముక్కు కిందికి వంగుతుంది, అదీ లో స్పీడే. ఫ్లైఓవరు దిగేచోట వరుసగా అతికించిన తెల్లటి మందపాటి గీతల మీద వెళ్తే చేతులు గజగజలాడతాయి. అక్కడ సైకిలు ఎంత నెమ్మదిగా ఉన్నా ఫోర్కుకు తగిలేది చురుకైన దెబ్బ, అంటే హై స్పీడ్. ఖాజాగూడ బండ ఆ తెల్ల గీతల్లాంటిది. అందుకే ఇక్కడ హై స్పీడ్ కంప్రెషన్ తెరిచి ఉంచాలి, బ్రేకు వేసినప్పుడు ముక్కు వంగకుండా లో స్పీడ్ కాస్త బిగించాలి.

కింది ఎర్ర చక్రం రీబౌండ్, అంటే దిగిన ఫోర్కు ఎంత వేగంగా తిరిగి లేవాలన్నది. ఫుట్‌పాత్ అంచు మీది నుంచి సైకిలు దించి చూడండి. ఒకసారి లేచి నిలబడితే సరి. రెండు మూడుసార్లు ఊగితే బిగించండి. లేవడానికి బద్ధకిస్తుంటే వదులు చేయండి, లేకపోతే వరుస రాళ్ల మీద ఒక్కో రాయికీ ఇంకాస్త కుంగిపోయి చివరికి కట్టెలా బిగుసుకుంటుంది.

కత్తి కన్నా గట్టి దుమ్ము

గ్రానైటు నలిగితే వచ్చే ఇసుకలో క్వార్ట్జ్ ఉంటుంది. మోస్ కాఠిన్య కొలమానం మీద దాని గట్టిదనం 7. మామూలు కత్తి ఉక్కు 5.5 దగ్గర ఆగుతుంది. అలాంటి రేణువు ఒకటి సీలు కింద ఇరుక్కుంటే ఫోర్కు దిగి లేచిన ప్రతిసారీ స్టాంచన్ పూతను గీరుతుంది. మొదట కంటికి కనబడదు. గోటిని గొట్టం మీద అడ్డంగా నెమ్మదిగా జరపండి, గోరు ఎక్కడైనా టక్కున ఆగితే అక్కడ గీత పడినట్టే. ఆ గీత గుండా ఆయిలు బయటికీ దుమ్ము లోపలికీ వెళ్తూనే ఉంటాయి.

రాక్‌షాక్స్ మాన్యువల్ ప్రకారం 50 గంటల రైడింగుకోసారి కింది గొట్టాలు విప్పి శుభ్రం చేసి కొత్త ఆయిలు పోయాలి. వారానికి మూడు గంటలు తొక్కేవాళ్లకు అది నాలుగు నెలలు. మన దుమ్ముకు నేనైతే మూడు నెలలంటాను. గుట్ట దిగిన వెంటనే మెత్తటి బట్టతో సీలు చుట్టూ తుడవడం ఏ సర్వీసు కన్నా ఎక్కువ పనిచేస్తుంది. నీళ్ల గన్నుతో సీళ్ల మీద కొట్టడం మాత్రం వద్దు, దుమ్మును మనమే లోపలికి తోసినట్టవుతుంది.

సోలార్ ట్రాక్ మీద షాకు ఎందుకు?

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న మొదలైన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద పైన సోలార్ పలకలు, కింద నున్నటి దారి. నానక్‌రామ్‌గూడ నుంచి ఒక మార్గం, నార్సింగి నుంచి కొల్లూరుకు మరొకటి. వారంలో ఐదు రోజులు ఆ దారిన ఆఫీసుకు వెళ్లి ఆదివారం ఒక్కరోజే గుట్టలెక్కేవాళ్లు ఎందరో. వాళ్లు లాకవుట్ మీట ఉన్న ఫోర్కు చూసుకోవాలి. మీట తిప్పితే ఫోర్కు కదలకుండా నిలుస్తుంది, తొక్కిన బలమంతా చక్రానికే వెళ్తుంది. రెండు క్రౌన్ల డౌన్‌హిల్ ఫోర్కులకు సాధారణంగా ఈ మీట ఉండదు. అవి దిగడానికే పుట్టాయి.

వాడినది కొంటున్నారా?

ఉద్యోగం మారి ఊరు వదిలేవాళ్లు మంచి ఫోర్కులు అమ్మేస్తుంటారు, ఐటీ కారిడార్‌లో ఇది మామూలే. కొనడం తప్పు కాదు. ఒక్కటి మాత్రం మర్చిపోకండి. ఫోర్కు మెడ గొట్టాన్ని మొదటి యజమాని తన ఫ్రేముకు తగ్గట్టు కోసి ఉంటాడు. మీ ఫ్రేము మెడ పొడుగైతే ఆ ఫోర్కు మీకు పనికిరాదు, కోసిన గొట్టం మళ్లీ పెరగదు. ముందు మీ ఫ్రేము మెడ, దానిపై హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ కలిపి కొలుచుకుని వెళ్లండి. ముందు బ్రేకు గట్టిగా పట్టి సైకిలును ముందుకూ వెనక్కూ ఊపండి. గొట్టాల మధ్య టకటక వినబడితే లోపలి బుష్షులు అరిగాయి. క్రౌన్ దగ్గర కిర్రుమంటే తీసుకోకండి.

అసలు డౌన్‌హిల్ ఎక్కడుంది?

వికారాబాద్ దగ్గర మూసీ పుట్టిన అనంతగిరి మన నగరానికి 80 కిలోమీటర్ల లోపే. దారి పొడుగ్గా, అడవి మధ్యగా ఉంటుంది, అయినా అది ట్రెయిల్ సైకిలు దారే. తెలుగు నేల మీద నిజమైన ఎత్తు కావాలంటే హార్స్‌లీ కొండలు, అరకు వైపు తూర్పు కనుమలు ఉన్నాయి. దక్షిణాదిన ఆసియా మౌంటెన్ బైక్ పోటీలు 2023 అక్టోబరులో కేరళ పొన్ముడిలో జరిగాయి. అలాంటి కొండలకు ఏడాదికి నాలుగైదుసార్లు వెళ్లేవాళ్లు, పోటీలకు సిద్ధమయ్యేవాళ్లు, డౌన్‌హిల్ కోసమే చేసిన ఫ్రేము ఉన్నవాళ్లు 200 మిల్లీమీటర్ల రెండు క్రౌన్ల ఫోర్కు కొనాలి. వాళ్ల డబ్బు వృథా కాదు.

మిగతావాళ్లకు, అంటే గచ్చిబౌలి, కొండాపూర్, మణికొండల్లో ఉంటూ వారాంతాల్లో గుట్టలు దిగే పదిమందిలో తొమ్మిదిమందికి నా మాట ఇది. 140 నుంచి 160 మిల్లీమీటర్ల ట్రావెల్, ఒక క్రౌన్, 35 లేదా 36 మిల్లీమీటర్ల స్టాంచన్లు, త్రూ యాక్సిల్, గాలి స్ప్రింగు, విడిగా తిప్పుకోగలిగే కంప్రెషన్, రీబౌండ్. అదీ మీ ఫ్రేము మాన్యువల్ ఒప్పుకున్నంత వరకే. ఫ్రేము 130 దగ్గరే ఆగమంటే అక్కడే ఆగండి, గొట్టం మందం దగ్గర మాత్రం రాజీ పడకండి. మిగిలిన డబ్బుతో ముఖమంతా కప్పే హెల్మెట్, మోచేతి, మోకాలి ప్యాడ్లు కొనండి. మన కింద ఉన్నది మెత్తటి మట్టి కాదు.

కొత్త ఫోర్కు సంగతి తర్వాత చూద్దాం. ఈ ఆదివారం బయల్దేరే ముందు ఉన్న ఫోర్కుకే ఒక ప్లాస్టిక్ ట్యాగు కట్టి వెళ్లండి. గుట్ట దిగాక అది ఎక్కడ ఆగిందో స్కేలుతో కొలిచి రాసి పెట్టుకోండి. నాలుగు ఆదివారాలు అలా రాశాక ఆ కాగితం పట్టుకుని దుకాణానికి వెళ్లండి.